ఇంటికి రెండు జవలు



దేవుని కృపను బట్టి ఈ సంవత్సరం మన సంఘంలో నాలుగైదు కుటుంబాలు ఇళ్లు కట్టుకుంటున్నాయి. గోడలు లేచాయి, శ్లాబులు పడ్డాయి, ఇప్పుడు లోపలి పని నడుస్తోంది. మేము ప్రార్థనకు వెళ్లిన ప్రతి ఇంట్లో ఒకటే మాట వస్తోంది. "అయ్యగారూ, గోడకీ శ్లాబుకీ మధ్య పీఓపీ బోర్డరు వేయిద్దామా? ఏ డిజైన్ బాగుంటుంది?" అని కొందరు ఫోను తీసి బొమ్మలు చూపిస్తున్నారు. "విశ్వాసులకు ఈ బోర్డర్లూ పువ్వులూ ఎందుకయ్యగారూ, లోకం పోకడ కాదా?" అని ఇంకొందరు అడుగుతున్నారు. ఇద్దరికీ కలిపి ఈ వారం జవాబు రాస్తున్నాము. కాస్త పెద్దదే అయింది, ఓపికగా చదవండి. ఇల్లు కట్టేవాళ్లకు పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. కట్టనివాళ్లకు కూడా ఒక సంగతి ఉంది.

ముందుగా వాక్యం దగ్గరికి వెళ్దాం. నిర్గమకాండము 25వ అధ్యాయం, 11వ వచనం చూడండి. మందసానికి లోపలా వెలుపలా బంగారు రేకు పొదగమని చెప్పిన దేవుడు, దాని చుట్టూ బంగారు జవ కూడా కట్టమన్నాడు. "జవ" అనే మాట మన వాడుకలో పోయింది కాబట్టి చాలామంది చదువుతూ దాటిపోతారు. అంచు వెంబడి చుట్టూ తిరిగే పట్టీ అని ఇక్కడ దాని భావం. హెబ్రీ భాషలో ఆ మాట "జేర్". నిర్గమకాండంలో తప్ప బైబిల్లో ఇంకెక్కడా అది కనబడదు. పాత ఇంగ్లీషు తర్జుమాలో దాన్ని "క్రౌన్" అన్నారు, అంటే కిరీటం. తర్వాత వచ్చిన తర్జుమాల్లో కొన్ని "మౌల్డింగ్" అన్నాయి. రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. గోడపైన చుట్టూ తిప్పే బోర్డరుకు ఇంగ్లీషులో వాడే పేరు అదే: క్రౌన్ మౌల్డింగ్.

మందసానికి ఒక జవ. సన్నిధి రొట్టెల బల్లకు రెండు. బల్లకు ఒకటి, దాని చుట్టూ వేసిన బెత్తెడు బద్దెకు ఇంకొకటి (25:24-25). ధూపవేదికకు ఒకటి (30:3). ఆవరణలో ఉండే ఇత్తడి బలిపీఠానికి మాత్రం జవ అన్న మాటే లేదు. కాబట్టి ప్రియులారా, దేవునికి అంచుల అందం పట్టదు అనేవాళ్ల మాట నిలవదు. అన్నిటికీ బంగారు పట్టీ ఉండి తీరాలి అనేవాళ్ల మాటా నిలవదు.

"మరి హగ్గయి ప్రవక్త సరంబీ వేసిన ఇళ్ల గురించి గద్దించాడు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే. సరంబీ అంటే ఇంటి లోపలివైపు చెక్క పలకలు పరిచి చేసే పని. క్రీస్తుపూర్వం 520లో, దర్యావేషు ఏలుబడి రెండవ సంవత్సరంలో ఆ మాట వచ్చింది (1:1-4). జాగ్రత్తగా చదవండి. ప్రవక్త తప్పు పట్టింది సరంబీని కాదు, పనుల వరుసని. మందిరం పాడుగా పడి ఉండగా మీ ఇళ్ల ముస్తాబు ముందెలా వచ్చింది అని ఆయన అడుగుతున్నాడు. ఏది ముందు, ఏది వెనక? ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ఇప్పుడు బోర్డరు అసలు దేనికో చూద్దాం. మన గోడ ఇటుక, మన శ్లాబు కాంక్రీటు. పల్నాడు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం శ్లాబు కాలి కొంచెం సాగుతుంది, తెల్లవారుజామున చల్లబడి ముడుచుకుంటుంది. కింద నీడలో ఉన్న ఇటుక గోడ అంత కదలదు. ఒకటి కదిలి ఇంకొకటి కదలకపోతే రెండూ కలిసే చోట వెంట్రుకవాసి పగులు వస్తుంది. ఎంత మంచి మేస్త్రి కట్టినా రావచ్చు. ఆ గీతను కప్పడమే బోర్డరు చేసే పని. ద్వారబంధం చుట్టూ కొట్టే చెక్క బీడింగూ అంతే. వానకు చెక్క ఉబ్బి ఎండకు చిక్కితే, దానికీ గోడపూతకూ మధ్య సందు పడుతుంది. ఆ సందు మీద బీడింగు కూర్చుంటుంది. గోడ అడుగున వేసే నాలుగంగుళాల స్కర్టింగు, ఇల్లు తుడిచిన నీళ్లు గోడపూతకు తగలకుండా కాస్తుంది. ఇవన్నీ రెండు వేరు వస్తువులు కలిసే చోటే ఉంటాయి.

మన కుటుంబాల్లోనూ ఇంతే కదా. ఒక ఇంటి పిల్ల, ఇంకో ఇంటి పిల్లవాడు ఒక కప్పు కిందికి వస్తారు. ఒకరికి త్వరగా వేడెక్కే స్వభావం, ఒకరికి కదలని స్వభావం. మధ్యలో సన్నని గీత పడుతుంది. అది పాపం కాదు, స్వభావాల తేడా. ప్రేమ అనేక పాపాలనే కప్పుతుందని పేతురు రాశాడు (1 పేతురు 4:8). కప్పడం మంచిదే. అయితే ఏది కప్పవచ్చు, ఏది కప్పకూడదు అన్నది తెలుసుకోవాలి. గోడ దగ్గర ఇది నేర్చుకోవడం సులువు. బోర్డరు వేయించే ముందు మీ గోడమీద మూడు రకాల గుర్తులు వెతకండి.

మొదటిది, శ్లాబు కింద గోడ పొడవునా వెళ్లే సన్నని అడ్డగీత. ఇది పైన చెప్పిన ఎండదెబ్బ. గోరు దూరనంత సన్నగా ఉండి, ఏళ్లు గడిచినా పెరగకపోతే బోర్డరు వేసుకోండి, భయం లేదు.

రెండవది, కిటికీ మూల నుంచి గానీ ద్వారబంధం మూల నుంచి గానీ ఏటవాలుగా, మెట్లు మెట్లుగా వెళ్లే పగులు. మనది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది ఒకవైపు కదిలితే గోడ ఇలా చీలుతుంది. పగులుకు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత పగులు ఆ గీత దాటి వెళ్లిందంటే అనుభవం ఉన్న మేస్త్రిని, వీలైతే ఇంజనీరును పిలవండి. లప్పం పెట్టి, రంగు వేసి, పైన బోర్డరు తిప్పితే ఆ పగులు ఆగదు. మీ కంటికి కనబడకుండా పెరుగుతుంది.

మూడవది, చెమ్మ. గోడమీద పసుపుపచ్చ మరక, రంగు పొక్కులు లేచి రాలడం, తెల్లగా ఉప్పు పూసినట్టుండటం, మూసిన గదిలో ముక్కిన వాసన. దీనిమీద పీఓపీ వేయనే కూడదు. పీఓపీ అంటే కాల్చిన జిప్సం పొడి. జిప్సం రాయిలో ఉండే నీటిలో ముప్పావు వంతును సుమారు 150 డిగ్రీల వేడిమీద పోగొట్టి ఆ పొడి చేస్తారు. పారిస్ దగ్గర మోమార్త్ర్ కొండలో ఆ రాయి దొరికేది కాబట్టి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అనే పేరు వచ్చింది. నీళ్లు కలిపితే పది పదిహేను నిమిషాల్లో మళ్లీ గట్టిపడుతుంది. కానీ ఎప్పుడూ తడి తగులుతుంటే మెత్తబడి ఊడిపోతుంది. స్నానాల గదిలో, చెమ్మ గోడమీద అది నిలవదు.

చెమ్మ గోడ గురించి బైబిల్లో ఉందా అని అడిగితే చాలామంది లేదంటారు. లేవీయకాండము 14వ అధ్యాయం, 33 నుంచి చివరిదాకా చదవండి. ఇంటి గోడలో పచ్చగానో ఎర్రగానో పొడ కనబడితే ఇంటివాడు వెళ్లి యాజకుడితో చెప్పాలి. యాజకుడు వచ్చి, ఆ పొడ గోడలోకి దిగిందేమో చూడాలి. ఏడు రోజులు ఇల్లు మూయించి మళ్లీ చూడాలి. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీయించి ఊరి బయట పారవేయించాలి, గోడపూత గీకించాలి. అప్పుడు వేరే రాళ్లు, వేరే పూత. ఆ వరుస గమనించారా? చూడటం, ఆగటం, గీకటం, ఆ తర్వాతే పూయటం. పాత పూతమీద కొత్త పూత పూయమని దేవుడు ఎక్కడా చెప్పలేదు.

ఈ సంగతి మా ఇంట్లోనే ఒకసారి మా ముందు నిలబడింది. మీలో కొందరికి తెలుసు, చాలామందికి పూర్తిగా తెలియదు కాబట్టి చెప్తున్నాము.

కోతపండుగ రోజున మన యవ్వనస్థులు పద్దెనిమిది వేల రూపాయలు కవరులో పెట్టి మాకు ఇచ్చారు. మేము ఈ సంఘానికి వచ్చి పదిహేనేళ్లు నిండిన సందర్భంగా కూలి డబ్బుల్లోంచి, చిన్న చిన్న జీతాల్లోంచి కూడబెట్టిన డబ్బు అది. ఎందుకో కూడా వాళ్లే చెప్పారు. "అయ్యగారూ, మీ హాల్లో పైన పువ్వుల బోర్డరు వేయించండి. ఆరంగుళాలది. డిజైన్ కూడా చూసి పెట్టాము." మేమిద్దరం సంతోషించి ప్రార్థన చేసి తీసుకున్నాము.

ఆ నెల వానలు గట్టిగా పడ్డాయి. వెనక గదిలో మా అమ్మ పడుకుంటుంది. ఆమెకు ఆయాసం. రాత్రుళ్లు లేచి కూర్చుని ఊపిరి తీసుకోవడం ఎక్కువైంది. చలికాలం కదా అనుకుంటూ ఉండగా, ఒక శనివారం ఊడ్చడానికి మంచం జరిపితే గోడమీద మూరెడు వెడల్పున పచ్చని మరక కనబడింది. రెండు వారాల ముందు అక్కడ ఏమీ లేదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ కవరు కోసి, నాలుగు వైపులా టేపు అంటించి మరకమీద రెండు రోజులు ఉంచాము. గదిలోని తేమ అయితే కవరు పైవైపు పడుతుంది, గోడలోంచి వస్తుంటే కవరు లోపలివైపు పడుతుంది. లోపలివైపే నీటిచుక్కలు నిలిచాయి.

డాబా ఎక్కి చూశాక కారణం తెలిసింది. వెనకవైపు శ్లాబుకూ పిట్టగోడకూ మధ్య అతుకు విడింది. నీళ్లు పోవాల్సిన గొట్టం నోరు డాబా మట్టం కంటే ఎత్తులో ఉంది. వాన నీళ్లు అక్కడ నిలిచి, విడిన అతుకులోంచి దిగి అమ్మ గది గోడలోకి వస్తున్నాయి. మేస్త్రి చూసి, డాబా అతుకు, వాటం, లోపల గోడపూత అన్నీ కలిపి పన్నెండు వేలు అవుతుందన్నాడు. మా చేతిలో వేరే డబ్బు లేదు. కవరు బీరువాలో ఉంది.

ప్రియులారా, కానుకకు ఇచ్చినవాళ్ల మనసు ఉంటుంది. హాలు కోసమని ఇచ్చింది డాబాకు పెట్టాలంటే వాళ్లని అడగాలి. శనివారం సాయంత్రం యవ్వనస్థుల కూడికలో అందరినీ ఇంటికి పిలిచి, ఆ గది, ఆ మరక, డాబామీద విడిన అతుకు చూపించాము. కవరు బల్లమీద పెట్టాము. "ఇది మీరు హాలు కోసం ఇచ్చింది. మీరు సరే అంటేనే ఇటు వాడతాము. లేదంటే హాలుకే వాడతాము, దీనికి వేరే దారి చూసుకుంటాము" అన్నాము.

ఒక తమ్ముడు మనసులో మాట దాచలేదు. "ఎవరూ చూడని డాబామీద సిమెంటు కోసం మేము పోగు చేయలేదయ్యగారూ" అన్నాడు. అతన్ని తప్పు పట్టలేము. ఆ చందా అంతా భుజాన వేసుకుని తిరిగిన అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక మాట అంది. అది ఇప్పటికీ మా మనసులో ఉంది. "మీ ఇంటికి మండలం నుంచి సేవకులు వస్తారు, చుట్టాలు వస్తారు. మా సంఘం మిమ్మల్ని ఎట్లా చూసుకుంటుందో వాళ్లు మీ హాలు చూసి అనుకుంటారు. మాకు అది కావాలి అయ్యగారూ."

ఆ బిడ్డ అడిగింది డాబుసరి కాదు, గౌరవం. పేదవాళ్లకు కూడా ఇచ్చిన చెయ్యి కనబడాలన్న ఆశ ఉంటుంది. అందుకే "అలంకారం వ్యర్థం" అని మేము ఒక వాక్యం చెప్పి ఆమె నోరు మూయించలేదు. నిర్గమకాండం తెరిచి బల్లకు రెండు జవలున్న మాట అందరం కలిసి చదివాము. అప్పుడు పక్కనే ఉన్న తాపీమేస్త్రి, ఆయన మన సంఘం మనిషి కాదు, ఒక మాట అన్నాడు. "డాబామీద శ్లాబుకీ పిట్టగోడకీ మధ్య మూల గుండ్రంగా వచ్చేట్టు సిమెంటు పట్టీ తిప్పుతాం అయ్యగారూ. అదీ బోర్డరే. లోపల వేసేది చుట్టాలు చూస్తారు. పైన వేసేది వాన చూస్తుంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో దారి దొరికింది. ఆరంగుళాల పువ్వుల బోర్డరు బదులు మూడంగుళాల సాదా బోర్డరు, అదీ హాలు ఒక్కదానికే. మిగిలింది డాబాకు. డిజైన్ ఆ అమ్మాయే ఎంచింది. ముందు మాట్లాడిన తమ్ముడు ఆ రోజు సరే అనలేదు, కాదనీ అనలేదు. జనవరిలో గోడపూత గీకే రోజున మాత్రం ఉలి, సుత్తి పట్టుకుని పొద్దున్నే వచ్చాడు.

డాబా పని ఎలా చేయించామో చెప్తాము, మీకు పనికొస్తుంది. విడిన అతుకు వెంబడి వదులైన పూతంతా చెక్కేశారు. దుమ్ము కడిగి, తడిపి, సిమెంటు పాలల్లో నీరు దిగకుండా ఆపే మందు కలిపి పూశారు. పిట్టగోడ అడుగున చుట్టూ మూల గుండ్రంగా వచ్చేలా పట్టీ తిప్పారు. గొట్టం నోరు కిందికి దించి, నీళ్లు అటు జారేలా వాటం ఇచ్చారు. గోనెపట్టాలు కప్పి ఏడు రోజులు తడిపాము. ఆ తర్వాత గొట్టానికి గుడ్డ కుక్కి, డాబామీద రెండంగుళాల నీళ్లు రెండు రోజులు నిలబెట్టాము. కింద చుక్క దిగలేదు. అప్పుడే మేస్త్రికి పని అయిందని చెప్పాము. లోపల మరకకు అడుగు అవతలిదాకా పూత గీకించి, ఇటుక కనబడేలా ఎండాకాలమంతా వదిలేశాము. ఆరిన తర్వాత పూయించి సున్నం వేయించాము. ఆయిల్ పెయింటు వేస్తే లోపలి తేమ బయటికి రాదు. ఆ గదిలో బోర్డరు లేదు. నాలుగు నెలలు అమ్మను ముందు గదిలో పడుకోబెట్టాము.

హాలు సంగతి కూడా వినండి. గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. చుట్టుకొలత 52 అడుగులు. గోడలోంచి నాలుగంగుళాలు ముందుకొచ్చిన పిల్లరు ఒకటుంది, దాని రెండు పక్కలకు ఎనిమిది అంగుళాలు. కోతల్లో పోయేదానికి పదో వంతు కలిపి 58 అడుగులు తెప్పించాము. పది అడుగుల ఎత్తు గదికి మూడు నాలుగు అంగుళాల బోర్డరు చాలు. తక్కువ ఎత్తున్న చిన్న గదిలో ఆరంగుళాలది పెడితే కప్పు నెత్తిమీదికి వచ్చినట్టుంటుంది. ఇంకా తక్కువలో కావాలంటే బోర్డరే వద్దు, గోడపూతకూ శ్లాబుపూతకూ మధ్య సన్నని గాడి కొట్టించండి. పగులు వస్తే ఆ గాడిలోనే వస్తుంది, కంటికి తెలియదు. చెమ్మ భయం ఉన్నచోట పీవీసీ పట్టీలు నయం. థర్మోకోల్ రకం తేలిక, చవక, కానీ నొక్కితే సొట్టపడుతుంది, నిప్పు దగ్గర ఉంచకూడదు.

బిగించేటప్పుడు శ్లాబును నమ్ముకోకూడదు. నీళ్ల పైపుతో మట్టం చూసి నాలుగు గోడలమీద ఒకే ఎత్తున గుర్తులు పెట్టి, రంగు దారం కొట్టి, ఆ గీతకు బోర్డరు అడుగంచు పట్టించాలి. పైన శ్లాబు వంకరవల్ల వచ్చే చిన్న సందు తర్వాత నింపుకోవచ్చు. సున్నం వేసిన నున్నటి గోడ పీఓపీని పట్టదు, ముందు గాట్లు కొట్టాలి. ముద్ద కొద్ది కొద్దిగా కలుపుకోవాలి, ఎక్కువ కలిపితే చేతిలోనే గట్టిపడుతుంది. శ్లాబును తాకే పైఅంచు దగ్గర మాత్రం గట్టి లప్పం కాకుండా కొంచెం సాగే ఫిల్లర్ పెట్టించండి. వచ్చే ఎండాకాలం శ్లాబు మళ్లీ కదులుతుంది కదా.

అసలు పరీక్ష మూలల దగ్గర. రెండు ముక్కలూ 45 డిగ్రీలకు కోస్తే చక్కగా కలవాలి. కానీ మన ఇళ్లలో మూలలు సరిగ్గా 90 ఉండేవి తక్కువ. ఒక గోడమీద 3 అడుగులు, పక్క గోడమీద 4 అడుగులు గుర్తు పెట్టి, మధ్య దూరం కొలవండి. 5 అడుగులు వస్తే మూల సరిగ్గా ఉన్నట్టు. మా హాల్లో ఒక మూల 92 డిగ్రీలుంది. ఆ పని చేసిన కుర్రవాడు గోడ కట్టినవాణ్ణి ఒక్క మాట అనలేదు. ఉన్న కోణం కొలిచి, అందులో సగం, 46 చొప్పున రెండు ముక్కలూ కోశాడు. ముక్కలు కలిసిపోయాయి. సంఘంలో ఇద్దరిని కలపవలసి వచ్చిన ప్రతిసారీ మాకు ఆ కోత గుర్తొస్తుంది. ఉండవలసిన కోణం పట్టుకుని వాదిస్తే ముక్కలు కలవవు. ఉన్న కోణాన్ని కొలిచి, వంకరను ఇద్దరికీ సమంగా పంచాలి.

ఆ కుర్రవాడు, అతని తోడువాడు బీహారు నుంచి వచ్చి నర్సరావుపేటలో గది తీసుకుని ఉంటున్నారు. అడుగుకు ఇంత అని ముందే మాట అయింది. పని అయ్యాక "దేవుని సేవకుల ఇల్లు కదా, కొంచెం తగ్గించమందాం" అని ఒక పెద్దాయన మంచి మనసుతోనే అన్నారు. మేము ఒప్పుకోలేదు. యిర్మీయా 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజు ఇంటి గురించి ఉంది. దేవదారు పలకలతో సరంబీ, ఎర్రరంగు పూత, పెద్ద కిటికీలు. ఆ ముస్తాబు 14వ వచనంలో ఉంది. దానికి ముందు 13వ వచనంలో ఏముందో చూడండి: పనివాడికి కూలి ఇవ్వకుండా ఆ ఇల్లు కట్టించుకున్నాడు. అంతటి సరంబీని దేవుడు మెచ్చుకోలేదు. పొద్దుగూకక ముందే కూలి ఇవ్వమన్న ధర్మశాస్త్రం (ద్వితీయోపదేశకాండము 24:15) క్రైస్తవుల ఇళ్లలో ముందు నెరవేరాలి. ఆ సాయంత్రమే లెక్క చూసి ఇచ్చి, భోజనం పెట్టి పంపాము.

ఆ తర్వాత వచ్చిన వానలకు అమ్మ గది గోడ పొడిగా ఉంది. ఆమె ఆయాసం పూర్తిగా పోలేదు. వయసుతో వచ్చిన జబ్బు, మందులు వాడుతూనే ఉంది. కానీ రాత్రుళ్లు లేచి కూర్చోవడం తగ్గింది. హాల్లో బోర్డరు సాదాగా, నిండుగా ఉంది. చూసినవాళ్లు అడుగుతారు, మా యవ్వనస్థులు వేయించారని చెప్తాము. డాబామీద పట్టీని మాత్రం ఎవరూ అడగరు. అందుకే ఇక్కడ రాస్తున్నాము. అది కూడా వాళ్లు వేయించిందే. రెండూ ఒకే కానుక.

కాబట్టి ఇల్లు కట్టుకుంటున్న బిడ్డలారా, బోర్డరు వేయించుకోండి, సంతోషంగా వేయించుకోండి. అప్పు చేసి మాత్రం వద్దు. ముందు డాబా ఎక్కి చూడండి. పిట్టగోడ ఉందా? పైనుంచి ఎవరూ పడకుండా కట్టమని దేవుడు చెప్పిన గోడ అది (ద్వితీయోపదేశకాండము 22:8). దాని అడుగున అతుకు గట్టిగా ఉందా? నీళ్లు నిలుస్తున్నాయా? తర్వాత ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్నవాళ్లు పడుకునే గదికి వెళ్లి, మంచం జరిపి గోడ చూడండి. కూలీల లెక్క తేలిందా చూడండి. ఇవన్నీ అయ్యాక మిగిలిన డబ్బుతో, మిగిలినంతలో, హాలుకు కిరీటం పెట్టుకోండి.

ఇల్లు కట్టనివాళ్లకు ఒక సంగతి ఉందని మొదట్లో అన్నాము. మీ కుటుంబంలో ఇప్పుడు కనబడుతున్న గీత ఏ రకమో ప్రభువు ముందు కూర్చుని చూసుకోండి. స్వభావాల తేడా అయితే ప్రేమతో కప్పండి, పదిమందికీ చెప్పకండి. తాగుడు, దెబ్బలు, దాచిన అప్పులు, మాట్లాడుకోని పగలు అయితే అది చెమ్మ. ఆదివారం వేసుకునే తెల్లబట్టలతో దాన్ని కప్పకండి. ఇంటివాడు వెళ్లి యాజకుడితో చెప్పాలని లేవీయకాండంలో ఉంది. మా గుమ్మం తెరిచే ఉంటుంది. చెప్పుకోవడానికి రండి. గీకేటప్పుడు నొప్పి ఉంటుంది, ఆరడానికి కాలం పడుతుంది. మేము తోడుంటాము.

ప్రార్థన: మా పరలోకపు తండ్రీ, మందసానికి జవ కట్టమన్నవాడవు, చెమ్మ గోడను గీకమన్నవాడవు నీవే. ఇళ్లు కట్టుకుంటున్న మా బిడ్డలకు ఏది ముందో ఏది వెనకో తెలిసే జ్ఞానం ఇవ్వు. పరాయి ఊళ్లలో నిచ్చెనలమీద నిలబడి మా ఇళ్లను అందంగా చేసే పనివాళ్లను కాపాడు. మంచాల వెనక మాకు కనబడని మరకలు మాకు చూపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.